ఫోన్‌లో కొన్న కళ్లజోడు

నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. నా చేతి జాకెట్టు వేసుకుని ఇంతవరకూ ఒక్క వంకైనా పెట్టని మనిషి ఎవరయ్యా అంటే, మా కొట్టు ముందు నిలబెట్టిన ప్లాస్టిక్ బొమ్మ ఒక్కతే. ఒకరోజు మధ్యాహ్నం ఆ బొమ్మనే పట్టుకుని, "ఎండలో నిలబడిపోయారేంటమ్మా, లోపలికొచ్చి కూర్చోండి" అన్నాను.

లోపల హుక్కులు కుడుతున్న మా ఆవిడ తలెత్తి చూసింది.

"ఆవిడకి నడుం కింద ఏమీ లేదండీ, ఎలా కూర్చుంటుంది?" అంది.

పటమటలో మా సందు సందంతా రెండు రోజులు నవ్వుకుంది. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. నా మీద జోకు ఇంకొకళ్లు వేసేలోపే నేనే వేసేసుకోవడం చిన్నప్పటి నుంచీ నాకు అలవాటు. ఎదుటివాడికి ఇంక వెయ్యడానికేం మిగలదు. కానీ ఆ రెండు రోజులూ కత్తెర పట్టుకునేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాను.

బొమ్మ సంగతికి సాకు ఉంది. బస్టాండ్ దగ్గర ఫుట్‌పాత్ మీద కొన్న చదువుకునే అద్దాలు ముక్కు మీద పెట్టుకుని దూరంగా చూస్తే ఎవరికైనా మసగ్గానే ఉంటుంది. సాకు లేనిది సుద్ద గీత. నేనే గీసిన గీత, గీసిన నిమిషానికే నాకు కనపడట్లేదు. గుడ్డని వెలుతురులోకి తిప్పి, తల వంచి, ముక్కు ఆనించి వెతుక్కోవాల్సి వస్తోంది.

ఎంతవరకు చదువుకున్నారండీ అని ఎవరైనా అడిగితే, "ఎనిమిదో తరగతి. ఆ తర్వాత బడివాళ్లూ నేనూ ఒకరినొకరం క్షమించుకున్నాం" అంటాను. అసలు సంగతి అది కాదు. మా నాన్నా టైలరే. ఉయ్యూరులో పంచదార ఫ్యాక్టరీకి పోయే రోడ్డు పక్కన, చెరుకు బళ్ల దుమ్ములో ఆయన మిషను ఉండేది. ఒకరోజు పొద్దున నేను బడికి బయల్దేరుతూ చూస్తే, ఆయన మిషను ఆపేసి, రెండు చేతుల్తో రెండు చొక్కా చేతులు పట్టుకుని కూర్చున్నాడు. రెండూ కుడిచేతివే. ఎడమచెయ్యి కత్తిరించాననుకుని మళ్లీ కుడిచెయ్యే కత్తిరించాడు. వాటిని తిప్పి తిప్పి చూస్తున్నాడు, ఎప్పటికైనా ఒకటి ఎడమది అవుతుందేమో అన్నట్టు. పెద్దాసుపత్రిలో నీటికాసులన్నారు, కంట్లో ప్రెజర్ పెరిగి నరం దెబ్బతినే జబ్బట. ముందే తీసుకొస్తే బాగుండేదన్నారు. ఇంట్లో ఒకరికుంటే పిల్లలకీ రావచ్చు, చూపించుకుంటూ ఉండండి అని కూడా అన్నారు. ఆ వారమే నా పుస్తకాల సంచి మేకుకి తగిలించి మిషను ముందు కూర్చున్నాను. ఈ నలభై ఏళ్లలో చూపించుకోవడానికి ఒక్కసారీ వెళ్లలేదు.

బొమ్మ దయవల్ల వెళ్లాను. కంటి డాక్టరమ్మ చుక్కలు వేసింది, మిషన్లో గడ్డం పెట్టమంది, కంట్లోకి గాలి కొట్టింది. "సైకిల్ ట్యూబుకి కొట్టినట్టు కొట్టారేంటండీ" అన్నాను. ఆవిడ నవ్వింది. నాకు కావాల్సిందీ అదే. ఆవిడ నవ్వుతూ ఉంటే ఇంకోమాట చెప్పదు కదా. దగ్గరచూపుకి రెండున్నర అద్దాలు పడతాయని చెప్పి, కాగితం మీద అంకెలు వేసి, కింద ఇంగ్లీషులో ఏదో ఒక గీత గిలికింది. అదేంటని అడగాలి. అడిగితే చెప్తుంది, చెప్తే వినాలి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటపడ్డాను.

ఇక కళ్లజోడు కొనాలి. మా కొట్టుకి నాలుగు కొట్ల అవతల కళ్లద్దాల కొట్టుంది. మా ఆవిడ జోడు అక్కడిదే. నేను మాత్రం అక్కడికి వెళ్లే మొహం మిగుల్చుకోలేదు. ఆ కొట్టాయన సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుంటాడు. పదేళ్లుగా దారినపోయే వాళ్లని ఆపి, "ఆ కొట్లోకి వెళ్లేముందు ఒకసారి ఆయన మొహం చూడండి. సొంత కళ్లే బాగుచేసుకోలేకపోయాడు" అని చెప్తున్నది నేనే. ఆయన రెడీమేడ్ చొక్కాలు తొడుక్కుంటాడని, "గురువుగారూ, ఇవాళ ఎవరి చొక్కా?" అని రోజూ పలకరిస్తున్నదీ నేనే. ఇప్పుడు వెళ్లి ఆయన ముందు కూర్చుని, గోడమీద అక్షరాలు తప్పు చదవమంటారా? అందుకని ఫోన్‌లో కొందామనుకున్నాను.

ఫోన్‌లో కొనడం బాగానే ఉంది. నా ఫోటో అడిగింది, దానిమీద వరసగా ఫ్రేములు తొడిగి చూపించింది. ఒకదాంట్లో బ్యాంకు మేనేజర్‌లా ఉన్నాను, ఒకదాంట్లో బ్యాంకు దోచుకోవడానికొచ్చినవాడిలా ఉన్నాను. మేనేజర్‌దే ఎంచుకున్నాను. డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని కుడి, ఎడమ, ప్లస్, మైనస్ చూసుకుంటూ, డిజైను దించినట్టు ఒక్కొక్క అంకే దించాను. అన్నీ అయ్యాక ఇంకో గడి మిగిలింది. కంటి నల్లగుడ్డు నుంచి నల్లగుడ్డుకి ఎంత దూరమో మిల్లీమీటర్లలో చెప్పమంది. అది డాక్టరమ్మ కాగితంలో లేదు. తెలియకపోతే నుదుటి మీద ఏదైనా కార్డు ఆనించి ఫోటో తీసుకోండి, మేమే కొలుచుకుంటాం అని బొమ్మ వేసి మరీ చూపించారు.

నాకు రోషం వచ్చింది. కొలత తీయడం నాకు వీళ్లు చెప్తారా?

"ఇదిగో, ఒకసారి ఇలా రా" అని మా ఆవిణ్ణి పిలిచాను. మా కొట్లో కొలతలు తీసేది ఆవిడే. ఆడవాళ్లు ఎక్కువ కదా. టేపు పెట్టి, గుర్తు దగ్గర గోటితో నొక్కి టేపు నా చేతికిస్తుంది, నేను చూసి పుస్తకంలో రాసుకుంటాను. ముప్ఫై ఏళ్లుగా ఇదే పద్ధతి. ఆ రోజూ నా కళ్ల ముందు టేపు పట్టుకుంది.

"కదలకండి. రెప్పలు ఆర్పకండి. నవ్వకండి" అంది.

"నువ్వింత దగ్గరగా వచ్చి చాలా రోజులైంది" అన్నాను.

"గోరు జారిపోతుందండీ" అని టేపు నా చేతిలో పెట్టి, స్టవ్ మీద పాలున్నాయని లోపలికి పోయింది. నేను టేపు మిల్లీమీటర్ల వైపుకి తిప్పి చిన్న గీతలు లెక్కపెట్టి, డెబ్భై నాలుగు కొట్టాను. వెంటనే ఎర్రక్షరాలతో ఏదో వచ్చింది. అందులో నాకు తెలిసిన మాట 'ష్యూర్' ఒక్కటే. ఆ మాట మా కస్టమర్లు రోజూ అడుగుతారు, శుక్రవారానికి ష్యూరా అని. ఎవరు ఎప్పుడడిగినా ష్యూర్ అనడమే నాకు అలవాటు. నొక్కేశాను.

పార్సిల్ దారిలో ఉండగానే గన్నవరం నుంచి టీచర్ గారొచ్చారు. ఇరవై ఏళ్ల నుంచి ఆవిడ జాకెట్లు నావే. ఈసారి జరీ అంచున్న తెల్ల పట్టుచీర తెచ్చారు. ఆవిడ పెళ్లికి చర్చిలో కట్టుకున్న చీర. కూతురు తన పెళ్లికి అదే కట్టుకుంటానందట. చీర చివర కలిసి నేసిన జాకెట్టు ముక్క కత్తెర తగలకుండా అలాగే ఉంది. ఆవిడ పెళ్లప్పుడు హడావిడిలో వాళ్లక్క జాకెట్టు తొడుక్కున్నారట.

"ఇలాంటి గుడ్డ ఇప్పుడు నెయ్యట్లేదండీ. నాలుగూళ్లు తిరిగి చూశాను. ఈ ముక్క పాడైతే ఇంకోటి లేదు. మంచి చేతిలో పడాలని ప్రార్థన కూడా చేసుకున్నాను" అన్నారు.

"పై ఆయన వినేసరికి టైలర్లందరూ బిజీ అయిపోయి నేనొక్కణ్ణే ఖాళీగా దొరికుంటానండీ" అన్నాను.

"మీ నోటిని నేనెప్పుడూ నమ్మలేదు మాస్టారూ. మీ కత్తెరని నమ్ముతాను" అన్నారావిడ. పెళ్లి వచ్చే శనివారం కాక ఆపై శనివారం. బుధవారానికల్లా జాకెట్టు చేతికి కావాలి, అమ్మాయి తొడుక్కుని చూసుకోవాలి. ష్యూర్ అన్నాను.

పార్సిల్ మర్నాడే వచ్చింది. జోడు పెట్టుకోగానే సుద్ద గీత కత్తిలా కనపడింది. ప్రాణం లేచొచ్చింది. కాసేపటికి కళ్లు రెండూ ముక్కు వైపుకి ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు మొదలైంది. సుద్ద కోసం చెయ్యి చాపితే, సుద్ద ఇంకా అంగుళం అవతలుంది. బల్ల నా మీదికి వస్తున్నట్టుంది. ఓ గంటకి గీత పక్కన ఇంకో గీత పుట్టింది. నేను గీసింది ఏదో, పుట్టింది ఏదో తెలియలేదు.

కంపెనీకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎంతో మర్యాదగా, "కొత్త అద్దాలు కదండీ, వారం పది రోజులు పెట్టుకుంటే అలవాటైపోతుంది" అంది. నా దగ్గర పది రోజులెక్కడున్నాయి? ఫోన్‌లో నేను కొట్టిన అంకెలు తీసి డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కొక్కటే సరిచూశాను. ప్లస్‌లు ప్లస్‌ల దగ్గరే ఉన్నాయి. కుడి కుడే, ఎడమ ఎడమే. ఒక్క అంకె తప్పు లేదు.

అప్పుడు పట్టుకుంది భయం. అంకెలు సరిగ్గా ఉన్నాయి, అద్దాలు సరిగ్గా ఉన్నాయి. మిగిలింది నా కళ్లే.

మర్నాడు ధైర్యం చేసి లైనింగ్ గుడ్డ కత్తిరించాను. ముందు భాగాలు రెండూ ఒకదాని మీద ఒకటి వేస్తే, ఒకటి పావంగుళం తక్కువ. నా చేతి నుంచి పావంగుళం తేడా ఎప్పుడూ రాలేదు. ఆ రెండు ముక్కలూ చేతుల్లో పట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాను. అలా చూస్తున్నానని తెలిసిన క్షణంలో మా నాన్న గుర్తొచ్చి, ముక్కల్ని ఉండ చుట్టి గుడ్డపీలికల సంచిలో అడుగుకి తోసేశాను. మా ఆవిడకి చెప్పలేదు. తెల్ల పట్టు ముక్క బల్ల మీద మడత పెట్టినట్టే ఉంది.

శుక్రవారం టీచర్ గారు ఫోన్ చేశారు. "కటింగ్ అయిందాండీ?"

"అయిపోయిందండీ, కుట్టడమే" అన్నాను.

"అమ్మాయి చూస్తానంటోంది, ఒక ఫోటో పెట్టండి."

మడతపెట్టిన గుడ్డ మీద టేపూ కత్తెరా అందంగా అమర్చి ఫోటో పంపాను. "మడతలోనే ఉన్నట్టుందేంటండీ?" అన్నారు. కత్తిరించి మళ్లీ మడత పెట్టానండీ, దుమ్ము పడకుండా అన్నాను. "సరేనండీ" అన్నారు.

శనివారం జాకెట్లు అన్నీ పక్కన పెట్టి, చీరలకి ఫాల్సులు కుట్టాను. ఎవరేమన్నా "అలాగేనండీ" అంటున్నాను. కళ్లు మూసుకుని టేపు మీద అంగుళాలు వేలితో తడిమి చూసుకున్నాను, ముందుముందు అలా కుదురుతుందేమోనని. కుదరదు. ఇస్త్రీ చేసుకోవచ్చు. మా నాన్న చివరి రోజుల్లో అదే చేశాడు, చేత్తో మడత తడుముకుంటూ. ఇస్త్రీ పెట్టె వంక చూడాలంటే భయమేసింది.

సోమవారం పొద్దున కళ్లద్దాలాయన మా కొట్టు ముందు నుంచి వెళ్తున్నాడు. కొత్త చొక్కా. కుడి భుజం మీద కుట్టు మోచేతి దాకా జారింది. దేవుడు నాకోసమే కుట్టించి పంపినట్టున్న చొక్కా. ఆయన అలవాటు కొద్దీ నడక నెమ్మది చేశాడు, నా మాట పడుతుందని. పడలేదు. రెండడుగులు వేసి వెనక్కొచ్చాడు.

"ఏమ్మా," అన్నాడు మా ఆవిడతో, "మాస్టారికి ఒంట్లో బాలేదా?"

ఆయన వెళ్లాక మా ఆవిడ సూది పక్కన పెట్టి వచ్చి నా ముందు నిలబడింది.

"ఏంటండీ? ఆ చొక్కా చూసి కూడా నోరు లేవలేదంటే ఏదో అయింది. చెప్పండి."

చెప్పాను. గీత పక్కన గీత, లైనింగ్ ముక్కలు, టీచర్ గారికి చెప్పిన అబద్ధం. రెండు కుడిచేతుల సంగతి ఆవిడకి తెలుసు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. నా మొహం మీంచి జోడు తీసింది. బల్ల సొరుగులోంచి డాక్టరమ్మ కాగితం తీసింది. "లేవండి" అంది. నాలుగు కొట్లు దాటుకుంటూ ఆవిడ ముందు, నేను వెనక. టేపు మెళ్లోనే ఉంది, తియ్యడం కూడా మర్చిపోయాను.

కళ్లద్దాలాయన ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. అంటే బాగుండేది. కాగితం పట్టుకుని అంకెలు చూశాడు. కింద గిలికిన గీత దగ్గర ఆగాడు. నా గుండె కూడా అక్కడే ఆగింది.

"ఏం రాశారండీ?" అంది మా ఆవిడ.

"కంటి ప్రెజర్ రెండు వైపులా నార్మల్ అమ్మా. నరం బాగుంది. నాన్నగారికి నీటికాసులు కాబట్టి ఏడాదికోసారి చూపించుకోమన్నారు. మాస్టారూ, ఈ కాగితం మీ దగ్గర ఎన్నాళ్ల నుంచి ఉంది?"

"రెండు వారాల నుంచి" అన్నాను. అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. వారం రోజులుగా నేను భయపడుతున్న దానికి జవాబు నా సొరుగులోనే, నా సుద్దముక్కల పక్కనే ఉంది.

"మరి రెండు గీతలు ఎందుకు కనపడుతున్నాయి?" అన్నాను.

ఆయన జోడుని ఒక చిన్న మిషన్లో పెట్టి, ఒక్కో అద్దం మీద ఒక్కో చుక్క పెట్టాడు. చుక్కకీ చుక్కకీ మధ్య స్కేలు ఆనించాడు. తర్వాత నా ఎదురుగా కూర్చుని, అదే స్కేలు నా ముక్కు మీద ఆనించాడు.

"మీ కళ్లు అరవై రెండు. అద్దాలు డెబ్భై నాలుగుకి చేశారు. అద్దం నడుమ నుంచి చూడాల్సింది, మీరు లోపలి అంచు నుంచి చూస్తున్నారు. కళ్లు లాక్కుపోక ఏం చేస్తాయి? ఎవరిచ్చారండీ ఈ కొలత?"

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా మెళ్లో టేపు లాక్కుని, మళ్లీ నా కళ్ల ముందు పట్టుకుని, గోటితో నొక్కి ఆయనకే చూపించింది. అరవై రెండు. వెంట్రుకవాసి తేడా లేదు. "ఇప్పుడు మీరు పట్టుకోండి" అని నా చేతికిచ్చింది.

పట్టుకున్నాను. ఆవిడ గోరున్న చోట నా బొటనవేలు పెట్టాను. పెట్టానా, నేను చూస్తుండగానే నా వేలు దానంతటదే ముందుకి జరిగింది. ముగ్గురం చూశాం. టేపు తిప్పి చూస్తే, ఆ జరిగింది దాదాపు అరంగుళం. మిల్లీమీటర్ల వైపు పన్నెండు చిన్న గీతలు.

ఒంటి కొలత ఒంటి కొలతగా ఏ టైలరూ రాసుకోడు. మనిషి ఊపిరి పీల్చాలి, చెయ్యెత్తాలి, రెండు ముద్దలు ఎక్కువ తినాలి. అందుకని ఆవిడ గోరు దగ్గర టేపు అందుకుని, బొటనవేలు కొంచెం జరిపి, అప్పుడు చదివి రాసుకోవడం నా చేతికి అలవాటు. లూజు వదలడం. నేను వదలమని చెప్పక్కర్లేదు, ముప్ఫై ఏళ్లుగా వేలే వదులుతోంది. నా కళ్లకి కూడా వదిలేసింది.

మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కళ్లద్దాలాయన భుజాలు ఊగుతున్నాయి. నాకు మాత్రం నవ్వూ ఏడుపూ ఏది ముందు రావాలో తేలక, ముక్కు చీదుకున్నాను.

ఫ్రేము అలాగే ఉంచి, అద్దాలు మార్చి మర్నాడు మధ్యాహ్నానికి ఇచ్చాడాయన. పెట్టుకుని, ముందు లైనింగ్ కత్తిరించాను. రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి వేశాను. ఒకటే ముక్కలా పడుకున్నాయి. అప్పుడు తెల్ల పట్టు మడత విప్పాను. అయినా కత్తెర వెంటనే ఆడలేదు. గీత ఒకటే ఉందని నాలుగుసార్లు చూసుకున్నాను, మా ఆవిణ్ణి పిలిచి ఇంకోసారి చూపించాను. "ఒకటేనండీ, కానివ్వండి" అంది. మొదటి కత్తిరింపు పడేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టే ఉన్నాం.

బుధవారం అమ్మాయి తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. టీచర్ గారు వెనక్కి తిప్పి, లోపలి కుట్లు కూడా వేలితో తడిమి చూశారు. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఆ ఫోటోలో గుడ్డకి కత్తెర తగల్లేదని నాకు అప్పుడే తెలుసు మాస్టారూ" అన్నారు. "ఇంకో చోట ఇద్దామని చెప్పులు కూడా వేసుకున్నాను. మళ్లీ విప్పేశాను."

పది రోజుల తర్వాత కళ్లద్దాలాయన చొక్కా గుడ్డ చంకలో పెట్టుకుని మా కొట్టెక్కాడు. పదేళ్లలో మొదటిసారి. నాకు నోరు ఎప్పుడో తిరిగొచ్చేసింది.

"ఏంటి గురువుగారూ, రెడీమేడ్ కంపెనీలన్నీ మూసేశారా? కష్టపడి ఇంతదూరం రావడం ఎందుకు, మీరూ ఫోన్‌లోనే కొనుక్కోలేకపోయారా?" అన్నాను.

ఆయన చొక్కా పై గుండీ తీసి, గడ్డం ఎత్తి నిలబడ్డాడు. మగవాళ్ల కొలత కాబట్టి నేనే మెడ చుట్టూ టేపు వేశాను. వేలు జరపబోయి, ఎందుకైనా మంచిదని ఆగాను.

"మెడకి లూజు ఎంత వదలమంటారు?"

"మొన్న మీ కళ్లకి వదిలారు చూడండి, ఆ అరంగుళమే వదలండి మాస్టారూ" అన్నాడాయన గడ్డం దించకుండానే. "మెడకైతే ఊపిరాడుతుంది."